ప్రేమకి పేరెందుకు?

ఆ పాలరాతి సమాధి దగ్గర, దీపాలు పెట్టే వేళ దాటితే మగపురుగన్నది కనిపించదు. ఆడవాళ్ళు చంకలో పిల్లలతో, కబుర్లు చెప్పుకుంటూ, దాని మెట్ల మీదుగానే అడ్డదారిన పోతారు. మగాళ్ళు మాత్రం ఊరంతా చుట్టి, కొత్త చెప్పులు పాతబడేదాకా నడిచి ఇల్లు చేరతారు. అక్కడున్నావిడ ఆడవాళ్ళనేమీ అనదు. మగాడు కనిపిస్తే చాలు... వెనక నుంచి ఒక్కటే అడుగుతుంది.

"నా పేరేంటి?"

ఆవిడ రాణి. ఆ సమాధి రాజుగారు ఆవిడ మీద ప్రేమకొద్దీ కట్టించిందే. ఆయన కార్చిన కన్నీళ్ళకి కోట వంటింట్లో గుండిగలు తేలాయట. రాళ్ళు మోసీ మోసీ ఏనుగులు పిల్లుల్లా చిక్కిపోయాయట. గోపురం మబ్బుల్లోకి దూరి, వాన దారి తప్పి పక్క రాజ్యంలో కురిసిందట. ఇంతా అయ్యాక, అక్షరాలు చెక్కేవాడు ఉలి పట్టుకుని వచ్చి, రాణీగారి పేరేమని చెక్కమంటారని అడిగాడు.

రాజుగారు గడ్డం గోక్కున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆయన పిలుపు "ఇదుగో". కోపమొస్తే "నిన్నే". మంత్రి వైపు చూస్తే మంత్రి నేల వైపు చూశాడు. దాసీలందరికీ తెలుసు. కానీ అంతటి రాజు దాసీల్ని పిలిచి, మా ఆవిడ పేరేంటని అడుగుతాడా?

"ప్రేమకి పేరెందుకు? అని చెక్కు," అన్నారు చివరికి.

అప్పట్నుంచీ ఆ ముక్క చదివి లోకమంతా ఏడుస్తోంది.

ఏడిపించే పని గైడుది. ఎడమ కంట్లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఒక్కటంటే ఒక్క చుక్క రాల్చగలడు. అతని భార్య ఆ సమాధిలోనే పొద్దున్నే నేల ఊడ్చి తుడిచే మనిషి. ఆమె తుడిచిన రాతి మీద నిలబడే అతను ప్రేమంటే ఏంటో నలుగురికీ చెప్పేవాడు.

ఓ సాయంత్రం చివరి గుంపు ఎంతకీ ఏడుపు ఆపలేదు. వాళ్ళని బుజ్జగించి పంపేసరికి చీకటి పడింది. గైడు గొడుగు చంకన పెట్టుకుని మెట్ల దాకా వచ్చాడో లేదో — వెనక పట్టుబట్ట నేల మీద జరజరా పాకిన చప్పుడు.

"నా పేరేంటి?"

గైడు వెనక్కి తిరిగి చూడలేదు. నోరు మాత్రం అలవాటు చొప్పున ఆడింది. "ప్రేమకి పేరెందుకు తల్లీ..." ఎడమ కంట చుక్క కూడా రాలింది.

చెవి పక్కన చల్లటి ఊపిరి. "మా ఆయనకే తెలీనిది, నిన్నని ఏం లాభంలే. మీ ఆవిడ పేరు చెప్పి పో."

ఏమే... ఒసేయ్... పెద్దాడి అమ్మ... మా ఇంట్లోది... ఒక్కొక్కటే నోట్లోంచి రాలాయి తప్ప పేరు రాలేదు. పెళ్ళినాడు ఎవరో చెప్పినట్టే గుర్తు. అప్పుడు అతని ధ్యాస భోజనాల మీదుంది.

"రేపు ఇదే వేళకి వచ్చి చెప్పు. చెప్పలేకపోయావో... నీ పేరు నేనుంచుకుంటాను."

గైడు పరిగెత్తిన వేగానికి చంకలో గొడుగు దానంతటదే విచ్చుకుందట.

ఇంట్లో భార్య కూర తరుగుతోంది. పక్కన చతికిలబడి, చిన్నప్పుడు మీ అమ్మ నిన్నేమని పిలిచేదే అని తీగ లాగాడు. ఒసేయ్ అనేదంది. ఇక లాభం లేదని జరిగిందంతా కక్కేశాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"దెయ్యం అడిగితే గానీ మీకు అవసరం పడలేదన్నమాట," అంది. అని, వంగి, అతని చెవిలో ఓ పేరు చెప్పింది.

గైడు మురిసిపోయాడు. "ఇంత మంచి పేరుంటే ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడూ అడగలేదేం?"

మర్నాడంతా ఆ పేరే గొణుక్కున్నాడు. ఆ గొణుగుడులో కన్నీటి చుక్క సంగతే మర్చిపోయాడు. చీకటి పడగానే తనే మెట్లెక్కి, ఛాతీ విరుచుకుని, గట్టిగా పలికాడు.

గోపురం ఆ పేరుని అందుకుని ఇటూ అటూ తిప్పి, ఒకటికి వందసార్లు అంది. చీకట్లో ఎవరో వెక్కినట్టయింది. ఆ తర్వాత...

"అది నా పేరు."

గైడు ఒక మెట్టు వెనక్కి దిగాడు.

"మీ ఆవిడ నా పేరు నన్నే అడిగి తెలుసుకుని, రోజూ ఊడుస్తూ నన్నలాగే పిలుస్తుంది. నాకు మిగిలిన స్నేహితురాలు అదొక్కతే. సరే... మరి దాని పేరు?"

గైడు దగ్గర ఇంకో పేరు లేదు.

ఎలా పరిగెత్తాడో తెలీదు. ఇంటికొచ్చి పడ్డాడు. తలుపు లోపల గడియ వేసుంది. దబదబా బాదాడు.

"ఎవరది?" భార్య గొంతు.

"నేనే."

"నేనంటే?"

గైడు నోరు తెరిచాడు. నాలుక అటూ ఇటూ తిప్పాడు. చిన్నప్పుడు బళ్ళో పిలిచిన పేరు, నాన్న తిట్టిన పేరు — వెతికిన చోటల్లా ఖాళీ. భార్య తుడిచిన రాయిలా నున్నగా, ఖాళీ.

లోపల నవ్వు వినిపించింది. ఒకరిది కాదు... ఇద్దరు ఆడవాళ్ళది.

పట్టుబట్ట నేల మీద జరజరా పాకింది. గడియ చప్పుడైంది.

"పోనీ, తలుపు తియ్యవే," అంది రెండో గొంతు. "ప్రేమకి పేరెందుకు?"