సౌనా గదిలో తెగిపోయే మాట

"నా ఇయర్‌బడ్స్ డబ్బా వెన్నగిన్నె మీదెందుకుంది?"

"రొట్టె కోసుకోవాలి. బల్ల మీద చోటు లేదు."

"అందుకని వెన్నమీద పెడతావా?"

"మూతమీద పెట్టాను."

ఇన్కా డబ్బా లాక్కుని చొక్కా అంచుతో గట్టిగా తుడిచింది. తౌనో తల ఎత్తలేదు. నల్లరొట్టె మీద చీజ్ ముక్క సరిచేసుకుంటున్నాడు.

"అమ్మా, నీ మనిషికి చెప్పు. నా వస్తువులు ముట్టుకోవద్దని."

"నీ మనిషేమిటే? ఆయనకి పేరు లేదా?" అంది ఐలా.

"ఉంది. నాకే నోరు రావట్లేదు."

కువోపియో పట్నంలోని ఆ చిన్న ఫ్లాట్‌లో ప్రతి ఉదయం ఇలాగే మొదలవుతోంది. తౌనో సిటీ బస్సు డ్రైవరు. ఐలాతో కలిసి ఉండడానికి కిందటి వేసవిలో వచ్చాడు. ఆమె కూతురు ఇన్కా ఆ రోజునుంచే అతనితో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు గొడవ ముదిరింది. ఇన్కా ఒక పళ్ల ఆస్పత్రికి ఇంటినుంచే ఫోన్లు ఎత్తుతుంది. అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. ఉద్యోగం ఇంకా ట్రయల్‌లోనే ఉంది. మాట్లాడుతూండగానే ఇయర్‌బడ్స్ కనెక్షన్ తెగిపోతోంది. అవతల పేషెంటు హలో హలో అని అరిచి పెట్టేస్తాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజర్ చెప్పేసింది.

ఇన్కా రీసెట్ చేసింది. ఫోన్‌తో జత తీసేసి మళ్లీ కలిపింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసింది. చివరికి కొత్త జత కొంది. అదీ తెగింది.

"తెగిన ప్రతిసారీ బయటికొచ్చి చూస్తే ఎవరుంటారో తెలుసా? ఇతనే. తువ్వాలు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు. కావాలనే చేస్తున్నాడమ్మా. నన్నిక్కణ్ణించి పంపెయ్యాలని. అతనో, నేనో, ఇవాళ తేల్చు."

ఐలా తౌనోని ఏమీ అడగలేదు. పక్కగదిలోకి వెళ్లి అక్కకి ఫోన్ చేసింది.

ఆ అక్క, తూలిక్కి, మధ్యాహ్నం వచ్చింది. క్రైమ్ బ్రాంచ్‌లో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. తౌనో ఆమెకి మొదటిరోజే నచ్చలేదు. ఆ సంగతి ఆమె దాచుకోనూ లేదు.

"ఎక్కడ కూచుని పనిచేస్తావు?"

"సౌనాలో, పెద్దమ్మా."

స్నానాలగది చివర ఉంటుంది ఆ సౌనా, ఆవిరిస్నానానికి కట్టిన చిన్న చెక్కగది. దాని పొయ్యి ఏడాది కిందట పాడైంది. ఎవరూ బాగుచేయించలేదు. ఇన్కా పైబెంచీ మీద దిండు వేసుకుని దాన్నే ఆఫీసు చేసుకుంది. టీవీ మోత వినబడని చోటు ఇంట్లో అదొక్కటే.

"ఫోన్?"

"బయట, అద్దం దగ్గర ఛార్జింగ్‌లో. బ్యాటరీ పోయింది, ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది. సౌనాలో ప్లగ్గెక్కడుంటుంది?"

"తలుపు?"

"ఓరగా. మొత్తం వేస్తే ఉక్కపోత."

తూలిక్కి వంటింట్లోకి వచ్చి తౌనో ఎదురుగా కూర్చుంది.

"నిన్న నాలుగున్నరకి, కాల్ తెగినప్పుడు ఎక్కడున్నారు?"

"అప్పుడే డ్యూటీనుంచి వచ్చాను."

"వచ్చి?"

"చేతులు కడుక్కున్నాను."

"అంతేనా?"

"సబ్బుతో."

"వెటకారాలొద్దు. బల్ల మీదున్న మీ టాబ్లెట్ చూశాను. ఇన్కా పాత ఇయర్‌బడ్స్ దానికి జతచేసి ఉన్నాయి. ఎప్పుడు చేశారు?"



"హాకీ మ్యాచ్ రోజు. ఐలా నిద్రపోతోంది. సౌండ్ పెట్టలేక వాడుకున్నాను."

"అడిగే తీసుకున్నారా?"

"లేదు."

"చూశావా!" గుమ్మంలోంచి ఇన్కా అరిచింది. "ఆ టాబ్లెట్ ఆన్ చేసి నా కాల్స్ లాగేసుకుంటున్నాడు!"

ఐలా ముఖం పాలిపోయింది. తౌనో ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకుంది.

తూలిక్కి మాత్రం లేవలేదు.

"పాత జత సంగతి సరే. కొత్తదీ తెగిందన్నావుగా? కొత్తది ఈ టాబ్లెట్ మొహం చూడలేదు."

"మరి?"

"అదే తేలాలి." టాబ్లెట్ ఆఫ్ చేసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "తౌనో గారూ, మెట్లమీదికి వెళ్లండి. డ్యూటీనుంచి వచ్చినట్టే లోపలికి రండి. రోజూ ఏం చేస్తారో అదే చెయ్యాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"నాటకమా?"

"మా వాళ్లు దీన్ని రీకన్‌స్ట్రక్షన్ అంటారు."

ఇన్కా పైబెంచీ ఎక్కి తలుపు వైపు వీపు తిప్పి కూర్చుంది. బయట ఫోన్‌లో పెట్టిన రేడియో వార్తలు కొత్త ఇయర్‌బడ్స్‌లో వింటోంది. తూలిక్కి స్నానాలగదిలో మాసినబట్టల బుట్ట మీద కూర్చుంది.

వీధితలుపు చప్పుడైంది. బూట్లు విప్పిన చప్పుడు. కోటు తగిలించిన చప్పుడు. తౌనో స్నానాలగదిలోకి వచ్చాడు. వాష్‌బేసిన్ వైపు నడిచాడు. నడుస్తూనే ఎడమచేయి చాచి, చూడకుండా, సౌనా తలుపు నెట్టి మూశాడు.

టక్.

కుళాయి తిప్పాడు.

"తెగింది!" లోపల్నుంచి కేక. తలుపు దబాలున తెరుచుకుంది. "పెద్దమ్మా, చూశావుగా, వీడు... ఏమిటిది? మళ్లీ వినబడుతోంది!"

"లోపలికెళ్లి తలుపు నువ్వే వేసుకో."

తలుపు పడింది.

"వినబడుతోందా?" తూలిక్కి గట్టిగా అడిగింది.

"లేదు."

"తియ్యి."

"...వస్తోంది."

తూలిక్కి సౌనాలోకి వచ్చింది. గాలిరంధ్రం పక్కన ఒక చెక్కపలక వదులుగా ఉంది. వేళ్లతో లాగింది. వెనకాల వెండిలా మెరిసింది.

"అల్యూమినియం రేకు. గోడలకి, పైకప్పుకి, తలుపు లోపల కూడా. వేడి బయటికి పోకుండా వేస్తారు. బ్లూటూత్ సిగ్నల్ కూడా దీన్ని దాటలేదు. తలుపు ఓరగా ఉన్నంతసేపూ సందులోంచి వస్తుంది. మూస్తే నువ్వు కూచున్నది రేకుడబ్బాలో. కోపంతో తలుపు తీసి ఇతని మీదికి వచ్చిన ప్రతిసారీ కనెక్షన్‌ని నువ్వే బాగుచేశావు. మనిషిని చూశావు, తలుపుని చూడలేదు."

"అయినా వేసింది అతనేగా! ఎందుకు వెయ్యాలి?"

తూలిక్కి తౌనో వైపు తిరిగింది. "చెప్పండి. ఎందుకు?"

తౌనో తడిచేతిని చూసుకున్నాడు. ఆ ప్రశ్న అప్పుడే వింటున్నట్టున్నాడు.

"సౌనా తలుపు తెరిచుంటే వేడి పోతుంది."

"ఆ పొయ్యి చచ్చి ఏడాదైంది!" అంది ఇన్కా.

"నాకు తెలుసు. చేతికి తెలియదు."

ఎవరూ నవ్వలేదు. సౌనా ఉన్న ఇంట్లో పెరిగిన ఏ చేయైనా అదే చేస్తుంది. తూలిక్కి ఆలోచిస్తూ బయటికి వచ్చింది. వస్తూ వస్తూ తన వెనక సౌనా తలుపు నెట్టి మూసేసింది. చప్పుడుకి తనే ఉలిక్కిపడింది.

గురువారం కాబట్టి, అక్కడి ఆనవాయితీ ప్రకారం, బఠాణీ సూప్ ఉంది. నలుగురూ బల్లచుట్టూ కూర్చున్నారు. సూప్‌లో కలుపుకునే ఆవముద్ద గిన్నె చేతులు మారింది. 

"తలుపుకి అడ్డంగా ఏదైనా పెట్టుకుంటాలే," అంది ఇన్కా సూప్‌లోకి చూస్తూ.

"అంతేనా?" అడిగింది ఐలా.

"ఇంకేం కావాలి? అడక్కుండా నావి వాడుకున్నది నిజమేగా?"

"నిజమే. తప్పు నాదే," అన్నాడు తౌనో.

తూలిక్కి గొంతు సవరించుకుంది. "అనుమానించడం నా వృత్తి. క్షమాపణలు చెప్పడం అలవాటు లేదు."

"మీరు చెప్పనక్కర్లేదు. మీ పని మీరు బాగానే చేశారు."

తౌనో చెంచా కింద పెట్టాడు.

"రేపు సౌనా తలుపు బిజాగరీలు విప్పి, తీసేసి, గోడకి ఆనిస్తాను. ఇంక తెగదు. ఆదివారం నా సామాను తీసుకెళ్తాను. డిపో దగ్గర మావాడి గది ఖాళీగా ఉంది."

ఐలా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"అదేమిటి తౌనో? నీ తప్పు లేదని తేలిందిగా!"

"తేలింది. పొద్దున నువ్వు నన్నొక్కమాట అడిగుంటే నేను వచ్చేటప్పుడు ఏం చేస్తానో చేసి చూపించేవాణ్ణి. నువ్వు పోలీసుని పిలిచావు, ఐలా. అందుకే వెళ్తున్నాను."