ట్రంకు పెట్టెలో హవల్దారు

"మనిషి పోయాక ఏ వస్తువులో ఎక్కువ మిగిలి ఉంటాడో చెప్పండి చూద్దాం?"

గౌరీశ్వరి టీచరు రిటైరై ఎనిమిదేళ్లయినా, మనవరాళ్లకు ఏది చెప్పాలన్నా ముందు ఒక ప్రశ్న వెయ్యాల్సిందే. సెలవులకు వచ్చిన ఇషాని, లాస్య అరుగు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్నారు. పొద్దుటి నుంచీ వాళ్ల చూపు ముందుగదిలో బల్ల మీదున్న బూడిదరంగు పెట్టె మీదే ఉంది.

"ఫోన్‌లో!" అంది లాస్య.

"ఏడాదికొకటి మార్చేస్తారుగా. తప్పు."

"చెప్పుల్లో?" అంది ఇషాని.

"ఆఁ, దగ్గరికొచ్చావు. పాత చెప్పు మడమ ఏ పక్క అరిగిందో చూస్తే, తొడిగినవాడు ఎటు వాలి నడిచేవాడో చెప్పెయ్యొచ్చు. ఇంకా సన్నగా చూడగలిగితే? బరువు మోశాడా, భయపడి పరిగెత్తాడా, ఎవరికోసమైనా నిలబడి ఎదురుచూశాడా, అన్నీ తెలుస్తాయి. ఆ పెట్టె చేసే పని అదే. ఆనవాలు యంత్రం అంటారు దాన్ని. వస్తువు మీది అరుగుదలనీ, గుడ్డలో ఇంకిన చెమటనీ చదివి, ఆ మనిషి ఎలా ఆలోచించేవాడో కనిపెట్టి, అతని గొంతుతో మాట్లాడుతుంది."

"అంటే అందులో మీ నాన్నగారు ఉన్నారా అమ్మమ్మా?"

"సగమే ఉన్నారు," అంది గౌరీశ్వరి.

ఆమె తండ్రి హవల్దార్ పైడినాయుడు ఇరవై నాలుగేళ్లు సైన్యంలో, మంచుకొండల పోస్టుల్లో గడిపాడు. ఇంటికి వచ్చేసరికి గౌరికి పదహారేళ్లు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఈ ఇంట్లోనే ఉన్నాడు. గౌరికి సైకిల్ నేర్పిందీ, ఆమె పురుడప్పుడు ఆస్పత్రి మెట్ల మీద రెండు రోజులు కదలకుండా కూర్చున్నదీ అప్పుడే. ఆయన పోయిన రోజున ఆమె ఎలక్షన్ డ్యూటీలో ఉంది. చివరి గంటంతా "గౌరీ, గౌరీ" అని పిలుస్తూనే ఉన్నాడని తర్వాత చెప్పారు. ఒక్కసారి ఆ పిలుపు విని "ఆఁ నాన్నా" అనాలి. యంత్రం కొన్నది అందుకే.

"ఆయన వాడిన వస్తువులు తెండమ్మా," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ మెహర్ జబీన్.

గౌరీశ్వరి నల్లటి ఇనప ట్రంకు పెట్టె తీసుకెళ్లింది. యూనిఫాం, బూట్లు, ఉన్నిటోపీ, గడ్డం గీసుకునే బ్రష్షు.

"ఇంట్లో వాడినవి ఏవీ లేవా?"

"లేవమ్మా. మంచం, దుప్పటి, పంచెలు, చేతికర్ర అన్నీ పదోరోజున ఆచారం ప్రకారం ఇల్లు దాటించేశారు. పోయినవాళ్లవి ఉంచకూడదన్నారు. ఈ పెట్టె మాత్రం సర్కారుదని ఎవరూ ముట్టుకోలేదు."

డాక్టర్ బూటొకటి తీసుకుని మడమ తిప్పి చూసింది. "యంత్రానికి ఊహలు తెలియవమ్మా. ఎంత ఇస్తే అంత మనిషినే చేస్తుంది."

ఇంటికి తెచ్చి స్విచ్ వేసిన మొదటి రోజునే ఇల్లు అదిరింది.

"థమ్! కౌన్ ఆతా హై?"

ఆగు, వచ్చేదెవరు అని పహారా సిపాయి అడిగే మాట అది.

"నాన్నా, నేను గౌరిని."

"తెలుగోడివేనా? గొంతేటి అలాగుంది ఆడమనిషిలాగ? మంచు పట్టేసిందేటి?"

"మీ గౌరినే నాన్నా!"

"ఏళాకోళాలాడకు. మా గౌరి గుంటకి ఏడేళ్లు. మొన్ననే పన్నూడింది. ఆ పన్ను నాకాడే ఉంది, జేబులో."

ఆమె వెళ్లి యూనిఫాం జేబు తిరగేసి చూసింది. అడుగున కుట్టు విప్పితే, బియ్యపుగింజంత పాలపన్ను రాలింది.

అప్పటి నుంచి ఆయన పహారాలో ఉన్న హవల్దారు, ఆమె కొత్తగా చేరిన జవాను. రోజూ కూతురి కబుర్లు కూతురికే చెప్పేవాడు. విన్నంతసేపూ విని, "గౌరి ఇక్కడే ఉంది నాన్నా" అనేది ఆమె. నమ్మేవాడు కాదు.

మొన్న సోమవారం నమ్మాడు.

"ఏటీ? గౌరి వచ్చిందా? ఈ పోస్టుకి? ఎవడు తెచ్చాడురా దాన్ని? పొద్దు వాలితే ఫిరంగి గుళ్లు పడతాయిక్కడ! కందకం తవ్వు. పిల్ల పట్టేంత. తొందరగా!"

గౌరీశ్వరి కంగారుగా డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"ఆపేయండమ్మా. మళ్లీ వేస్తే మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఇదేదీ ఆయనకి గుర్తుండదు."

"మరి ఆపేసే క్షణంలో?"

"ఆ క్షణంలో ఆయనకి భయంగానే ఉంటుంది."

ఒకసారి ఆయన పిలుస్తుండగా దగ్గర లేకపోయింది. రెండోసారి అలా వదిలేసి యంత్రం ఆపలేక, గౌరీశ్వరి పెరట్లో మునగచెట్టు పక్కన పార పట్టింది. నాలుగు రోజుల నుంచీ తవ్వుతోంది. చప్పుడు బట్టే ఆయన చెబుతాడు: రాయి తగిలింది, ఎడమకి తవ్వు. ఎడమకి తవ్వితే మెత్తటి మట్టి తగులుతుంది.

"అయితే పెరట్లో గొయ్యి అదేనా?" అంది లాస్య గట్టిగా.

ముందుగదిలో పెట్టె గరగరలాడింది.

"పిల్ల గొంతు! గౌరీ? గౌరీ!"

గౌరీశ్వరి గుమ్మం పట్టుకుని లేచింది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పిలుపు అది. "ఆఁ నాన్నా," అంది.

"నువ్వుండవోయ్! పిల్లని పలకనీ. గౌరీ, ఎక్కడున్నావే అమ్మా?"

లాస్య అమ్మమ్మ ముఖంలోకి చూసింది. ఏం అర్థమైందో ఏమో, చిన్నగా పలికింది.

"ఆఁ నాన్నా."

పెట్టెలోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఆ గొంతు అంత మెత్తబడగా గౌరీశ్వరి ఎప్పుడూ వినలేదు.

"భయపడకే బుల్లీ. జవాను తవ్వేస్తున్నాడు. అవగానే అందులో దిగి కూర్చో. నేను పిలిచినప్పుడల్లా పలుకు. పలకడం మాత్రం మానకు."

"అమ్మమ్మా, నేను దిగాలా?" అంది లాస్య, ఇషాని చెయ్యి పట్టుకుని.

ఎండ పెరటిగోడ దిగి నేల మీదికి వాలుతోంది. గౌరీశ్వరి చీరకొంగు నడుముకు బిగించి, "ఇంకా మూరెడు ఉంది," అంటూ పార అందుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.