రెండో నడక

జల్‌పల్లి చెరువు వెనక బండల మైదానం మీద పొద్దున ఆరింటికి మంచు ఇంకా విడవలేదు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దాని మీద రాడార్ యాంటెన్నా కూర్చోబెట్టి, కేబుళ్లు బిగించి షారోన్ పక్కకు జరిగింది. పదకొండు రోజులుగా ఆమెను ఇంతవరకే రానిచ్చారు. ఆ తర్వాత మగ సిపాయిలు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు. ఆమె టార్గెట్‌గా మైదానంలో నడిచేది. దూరంగా మనిషి కదిలితే తెర మీద చుక్క, చెవిలో నడక చప్పుడు. అది విని మనిషో బర్రో చెప్పడమే ఈ శిక్షణ. ఆమె నడక విని ఇకిలించడం ఎవరూ నేర్పలేదు గానీ, అందరూ ముందు నేర్చుకున్నది అదే.

ఇవాళ పరీక్ష. సెట్టు ముందు ఆమె, మైదానంలో ఆమె తోటి సిపాయి సాగర్. ఎందరు నడుస్తున్నారో సరిగ్గా చెబితే ఆపరేటర్. లేకపోతే స్టోరులో దుప్పట్లు మడతపెట్టుకోవడమే.

"తప్పు చెప్పినవనుకో, చార్మినార్ కాడ గాజులమ్ముకుందువు, సమజైందా?" అన్నాడు హవల్దార్ బాలకిషన్.

"గాజులమ్మేటోళ్లు మీకన్న మర్యాదగ మాట్లాడుతరు ఉస్తాద్."

సాగర్ నవ్వుకుంటూ మంచులోకి పోయాడు. జనరేటర్ డీజిల్ కంపు, చెరువు నీచు వాసన. చెవిలో బూట్ల నడక. ధప్... ధప్... ఆరువందల మీటర్లు.

దాని వెనక ఇంకో నడక. తేలిక నడక. ఒక కాలు ఈడుస్తోంది.

"ఇద్దరు, ఉస్తాద్. రెండోది ఆడమనిషి."

బాలకిషన్ నవ్వలేదు. వంగి గుసగుసగా అన్నాడు. "ఒకటే."

"మీరే వినుండ్రి..."

"మూడేండ్ల సంది వింటున్న. బర్లు కాసే ఆగమ్మ. అప్పట్ల ఆమెనే టార్గెట్ లెక్క నడిపిచ్చినం. గిట్లనే మంచు. క్వారీ గుంతల వడి సచ్చింది. తెర మీద చుక్క పోయిందని రాసి టిఫిన్‌కు పోయినం. ఏ లొల్లి కాలే." పెన్ను ఆమె చేతిలో పెట్టాడు. "రెండన్నోళ్లనందర్ని ఫెయిల్ చేసిన. ఇగ నీ ఇష్టం."

వాకీటాకీ గరగరలాడింది. "షారోనక్కా... నా ఎన్క ఎవర్ని పంపిన్రు? అక్కా... ఎవలన్న ఉన్నరా?"

రెండు చుక్కల మధ్య ఎడం ఇరవై మీటర్లు. పదిహేను.

షారోన్ బటన్ నొక్కింది. "ఎవ్వరు లేరు సాగర్. నడువు."

'టార్గెట్ ఒకటి' అని రాసి సంతకం పెట్టింది. పెన్ను పక్కన పెట్టేసరికి తెర మీద నిజంగానే ఒకటే చుక్క ఉంది.

"పాస్," అన్నాడు బాలకిషన్.

కాసేపటికి మంచులోంచి సాగర్ వచ్చాడు, ఒక కాలు ఈడుస్తూ. చాయ్ గ్లాసు అందుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. "మంచిగ చెప్పినవక్కా," అన్నాడు, మెల్లగా.

షారోన్ హెడ్‌ఫోన్లు తీయలేదు. తెర మీద చుక్క ఇంకా ఉంది. తొమ్మిది వందల మీటర్లు. చెవిలో బూట్లు. పరిగెడుతున్నాయి... పడుతున్నాయి... లేస్తున్నాయి.

"ఇంకేమన్న వినవడ్తుందా?" అడిగాడు బాలకిషన్.

సాగర్ చాయ్ ఊదుకుంటూ ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"ఏం లేదు ఉస్తాద్," అంది షారోన్.

దూరాన బూట్లు ఠక్కున ఆగిపోయాయి. ఆ మాట విన్నట్టు.