ఏడో మాట తర్వాత పాట

"ఆఖరి చరణం మధ్యలో తెగింది," అన్నాను.

చర్చిలో రిహార్సల్‌కు వచ్చిన పదిమందీ నా వైపు చూశారు. జెస్సీ మాత్రం చూడలేదు. పాటల పుస్తకం మూసింది.

"తెగిందని నాకూ తెలుసు. హార్మోనియం వాయించేటోడికి ఊపిరి బాధ ఏం తెలుస్తాదిలే ప్రసాదూ. నీ పెట్టెకు తిత్తి ఉండాది."

నా నోరు ఎప్పుడూ ఇంతే. మెత్తగా చెప్పాల్సింది మేకు కొట్టినట్టు చెబుతాను.

కోసిగి పక్కన మా ఊళ్లో గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడో మాట ధ్యానం అయ్యాక ఒక పాట ఉంటుంది. జెస్సీ వాళ్లమ్మ జీవమ్మ దాని ఆఖరి చరణాన్ని ఒక్క ఊపిరితో పాడేదని ఊరంతా చెప్పుకుంటారు. ఏటా గుంటూరు మిరప కోతలకు పోయి పోయి, ఆ ఘాటుకు ఇప్పుడామెకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండేళ్లుగా ఆ పాట లేదు. ఈసారి జెస్సీ పాడతానంది. తనూ మూడు నెలలు మిరప కోసి మొన్ననే వచ్చింది.

మరునాడు తనే మా ఇంటికి వచ్చింది. "అమ్మ ఉన్నప్పుడే ఒకసారి వినిపించల్లప్పా. వచ్చే ఏడు దాకా ఆగలేను. ఊపిరి పట్టడం నేర్పిస్తావా?"

నేను ఆదోనిలో సంగీతం క్లాసులో నేర్చుకున్నదంతా చెప్పాను. వెల్లకిలా పడుకుని పొట్ట మీద బరువు పెట్టుకోవాలి. ఊపిరి పీలిస్తే భుజాలు కాదు, ఆ బరువు లేవాలి. బైబిల్ పెట్టుకోమంటే ఒప్పుకోలేదు, జొన్నల సంచి పెట్టుకుంది. తర్వాత 'స్' అంటూ గాలిని సన్నగా వదలాలి. వాళ్ల వసారాలో నేను ఫోన్ పట్టుకుని సెకండ్లు చూసేవాణ్ణి. జీవమ్మ మంచం మీంచి మా ఇద్దరినీ చూసేది.

"ఎంత?"

"పదకొండు."

"అబద్ధం. నిన్న పన్నెండు గదా."

"రాత్రి నిద్ర పోలేదు నువ్వు. కళ్లు చెప్తాండాయి."

"నా కళ్లు ఎందుకు చూస్తాండావు? ఫోన్ చూడు."

పొద్దున్నే పాట కూనిరాగం తీస్తూ రైల్వే స్టేషన్ దాకా నడిచేవాళ్లం. తను ముందు, ఊరి నోటికి భయపడి నేను పదడుగులు వెనక. పద్నాలుగు, పదహారు, పంతొమ్మిది. చరణానికి ఇరవై నాలుగు కావాలి. తను దగ్గిన ప్రతిసారీ ఆ పదడుగులూ దాటి పక్కకు పోవాలనిపించేది. అది ప్రేమని నాకు తెలుసు. చెప్పే ధైర్యమే లేదు.

గుడ్ ఫ్రైడేకి ముందు రోజు ఇరవై ఒకటి దగ్గర ఆగిపోయింది. జెస్సీ సంచి పక్కన పెట్టి ఏడ్చింది.

"నా వల్ల కాదు మా. నీ మాదిరి ఒక్క ఊపిరి నాకు రాదు."

జీవమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నాకు మాత్రం యాడొచ్చె?" అనింది, ఆగి ఆగి. "మీ నాయన పక్కన నిలబడి మెల్లగా పాడతాండె. నేను ఊపిరి తీసుకునే తావున ఆయప్ప గొంతు ఉంటాండె. ఊరోళ్లు ఒక్క ఊపిరి అంటే ఆయప్ప నవ్వి ఊరుకుంటాండె. ఆయప్ప పోయినాంక నేను పాట నిలిపేస్తి. ఆయాసం తర్వాత వచ్చె."

"మరి ఇన్ని దినాలు చెప్పలేదే?"

"నీ పక్కన నిలబడేటోడు ఉండాడో లేడో చూస్తాంటి."

నేను తల దించుకున్నాను.

"ఏమప్పా, పాడతావా?"

"నేను వాయిస్తానత్తా. పాడను."

"నా బిడ్డ పక్కన నిలబడల్లంటే పాడల్ల."

జెస్సీ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "పాడతా," అన్నాను.

మరునాడు ఏడో మాట అయ్యాక హార్మోనియం మూసి తన పక్కన నిలబడ్డాను. చరణంలో ఆ తావు వచ్చింది. జెస్సీ గొంతు సన్నబడింది, నేను మెల్లగా అందుకున్నాను. తను ఊపిరి తీసుకోవడం నాకొక్కడికే వినిపించింది. నా ఊపిరి అయిపోయేసరికి తన గొంతు ఉంది. ముందు వరుసలో జీవమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది.

బయట ఏసేపు పెద్దాయన కన్నీళ్లు తుడుచుకున్నాడు. "అచ్చం వాళ్లమ్మే. ఒక్క ఊపిరితో పాడె."

నేను నవ్వి ఊరుకున్నాను.

జెస్సీ అది చూసింది. వాళ్లమ్మ చెయ్యి ఒకవైపు పట్టుకుని, రెండోవైపు పట్టుకోమని నాకు సైగ చేసింది. ఊరు చూస్తుండగా ముగ్గురం జీవమ్మ నడకకు తగ్గట్టు మెల్లగా ఇంటికి నడిచాం.