పక్కకి జరిగే కప్పు

ధనుంజయరావుకి నరసరావుపేటలో పత్తివిత్తనాల కొట్టు. మనిషికి నక్షత్రాల పిచ్చి. ఆ వేసవిలో ఇంటి వెనక పెరట్లో ఓ గది కట్టించాడు. గోడల మీద ఇనుప పట్టాలు, రేకుల కప్పుకి గేటు చక్రాలు. నెడితే కప్పంతా గడగడమంటూ పక్కకి జారిపోయి, గది నెత్తిన ఆకాశం తెరుచుకునేది. మధ్యలో సిమెంటు దిమ్మె, దానిమీద తెల్లటి టెలిస్కోపు.

పొద్దుగూకితే ఆయన అందులోనే. ఇంట్లో అన్నం చల్లారిపోయేది. భార్య ఇంద్రజకి ఆ గొట్టాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. లెన్సు తుడిచేటప్పుడు ఆయన వేళ్లలో ఎంత నెమ్మదో! తన తల ఏనాడైనా అంత మెత్తగా నిమిరాడా?

ఓ రోజు పక్కింటి కోటమ్మత్త గోడ మీదుగా పలకరించింది.

"ఏమే ఇంద్రజా, నువ్వు కూడా మీ ఆయనతో చుక్కలు చూస్తన్నావా ఏంది? రాత్రి నీ నవ్వు మా వాకిట్లోకి వినపడింది."

ఇంద్రజ ఆ గదిలో అడుగుపెట్టిందే లేదు.

మరైతే ఎవత్తె అది? ఆ రాత్రంతా పళ్లు పటపట కొరుకుతూనే ఉంది.

మర్నాడు ఆయన పనిమీద చిలకలూరిపేట వెళ్లాడు. మసక చీకటి పడుతుండగా పెరట్లో గడగడ... కప్పు జరిగింది.

జుట్టు పట్టుకుని బజార్న పడేద్దామని ఇంద్రజ చీపురుకట్టతో పరిగెత్తింది. విసురుగా తలుపు తీసింది.

ఎవరూ లేరు.

తడిమట్టి వాసన. దాంట్లో కలిసిపోయి, ఎవరో తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన. టెలిస్కోపు... మెల్లగా తిరుగుతోంది. ఆగింది.

ఆయన అంతగా ఏం చూస్తాడో చూడాలనిపించింది. వంగి కన్ను ఆనించింది. కన్ను పెట్టే చోట రబ్బరు వెచ్చగా ఉంది... తడిగా ఉంది. ఎవరో ఇప్పుడే కన్ను తీసినట్టు.

చెవి పక్కనే గుసగుస.

"చూసింది చాలక్కా... ఇక జరుగు."

అక్కా. సవతి పిలిచే పిలుపు.

కప్పు తనంతట తనే కదిలింది. చుక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. తలుపు ఎంత లాగినా రాలేదు. అరిచింది. ఆ అరుపు రేకుల కిందే తిరిగి తిరిగి ఆగిపోయింది...

ఎంతసేపటికో స్కూటర్ చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఫోన్ లైటు పట్టుకుని ధనుంజయరావు.

"భయపడ్డావా, ఇంద్రా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతులో అంత ప్రేమ ఆమె ఎరగదు. కళ్లు నిండాయి. నోరు తెరవబోయింది.

ఆయన చూపు తన మీద లేదు. తన భుజం మీదుగా... వెనక్కి.

"లేదండీ," వెనకనుంచి జవాబొచ్చింది.

ఆ గొంతు తనదే.

ఆయన ఎవరినో పొదివి పట్టుకున్నట్టు ఇంట్లోకి నడిచాడు. ఇంద్రజ వెంట పరిగెత్తేసరికి లోపల గడియ పడింది. రెండు చేతులా తలుపు బాదింది.

"ఏమండీ! నేనండీ!"

లోపల కంచాలు పెడుతున్న చప్పుడు.

"ఏందే, తలుపు కొట్టుకుంటంది?"

"గాలండీ... మీరు తినండి."