అంటే పెట్టె

అంగారకుడి మీద జేగురుపాలెంలో ఇద్దరు డ్రైవర్లు ఎదురుపడితే భోజనం చేశావా అని అడగరు. "ఏ మోడ్‌లో వస్తున్నావ్?" అని అడుగుతారు. "ఆన్ డిమాండ్‌లో, లో రేంజ్ వేసి" అనో, "ఆల్ వీల్, సెంటర్ ఓపెన్" అనో జవాబొస్తుంది. విన్నవాడు తలూపుతాడు. శిరస్త్రాణంలో తల ఒక్కటే ఊపడం కుదరదు కనుక నడుము దగ్గర్నుంచి వంగి లేవాలి. ఇద్దరూ అలా ఒకరికొకరు పెళ్లిలో వియ్యంకుల్లా వంగి లేచి ఎవరి దారిన వాళ్లు పోతారు. చెప్పినవాడికీ విన్నవాడికీ ఏం తెలిసిందన్నది ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు.

2096 నాటికి ఆ ఊళ్లో ఏడు కంపెనీల బళ్లున్నాయి. అన్నిటికీ నాలుగే చక్రాలు. పేర్లు మాత్రం మూడు వందల పన్నెండు. ఒక కంపెనీ 'లాక్' అన్నది ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ కలిపి బిగించడం. పక్క కంపెనీకి అదే మాట ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పడం. మూడో కంపెనీలో ఆ మీట నొక్కితే తలుపు గడియ పడుతుంది. కిందటేడు ఈ గందరగోళంలోనే ఒక బండి బోర్లాపడి, ఊరికి ఆర్నెల్ల బంగాళాదుంపలు ఎర్రదుమ్ములో కలిశాయి.

దాంతో డ్రైవర్లందరికీ ఆ పేర్ల మీద రాతపరీక్ష పెట్టారు. మూడుసార్లు తప్పితే మళ్లీ స్టీరింగ్ ముట్టుకోకూడదు. పుట్టగొడుగుల షెడ్డులో పని.

సింహాద్రి అప్పలసూరి అప్పటికి రెండుసార్లు తప్పాడు. ఇరవై రెండేళ్లుగా బండి నడుపుతున్నాడు. ఒక్కసారి కూడా ఇసుకలో దిగబడలేదు. ఏ చక్రం జారుతోందో సీటు మీద కూర్చునే చెప్పగలడు. ప్రశ్నపత్రం చేతికిస్తే మాత్రం ఒక్క పేరూ గుర్తొచ్చేది కాదు.

"షెడ్డులో కిటికీ ఉండదమ్మా," అన్నాడు మేదినితో. "సుట్టూ గోడలే. నాను బతకలేను."

మేదిని వర్క్‌షాపు శాస్త్రవేత్త. ఆ మాట విన్నాక ఆమెకు రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మొదలుపెట్టి నాలుగు నెలల్లో ఒక యంత్రం తయారుచేసింది.

దాని అసలు పేరు చక్రబల నియంత్రిణి. ప్రతి చక్రం అంచునా ఆవగింజంత స్పర్శకణాలు వేల సంఖ్యలో పొదిగింది. కింద నేల రాయో, ఇసకో, దుమ్మో అవి చెబుతాయి. ఆ కబురు డ్యాష్‌బోర్డు మీది చిన్న పెట్టెకు చేరుతుంది. ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలన్నా పెట్టె క్షణంలో ఇస్తుంది. కానీ ఎటు పోవాలో, బండిని కాపాడాలో సరుకును కాపాడాలో దానికి తెలియదు. అది మనిషే చెప్పాలి, మామూలు మాటల్లో చెప్పాలి. కంపెనీ పేర్లు ఒక్కటీ ఆ పెట్టెకు నేర్పలేదు. ఎవరైనా అలాంటి పేరు వాడితే వినయంగా "అంటే?" అని అడుగుతుంది. అందుకే ఊరంతా దాన్ని అంటే పెట్టె అనేవారు.

పరీక్షాధికారి విశ్వేశ్వరం గారికి ఇది నచ్చలేదు. మూడు వందల పన్నెండు పేర్ల నిఘంటువు రాసింది ఆయనే మరి.

"పేర్లు రానివాడికి బండి ఎలా ఇస్తామమ్మా?" అన్నారు.

"అప్పలసూరిని రాతపరీక్ష బదులు బండిలోనే అడగండి సార్. ఒక్కసారి."

మేదిని వారం రోజులు ఆయన ఆఫీసు చుట్టూ తిరిగాక, విసిగి ఒప్పుకున్నారు. కాకపోతే పరీక్ష జరిగేచోటికి తానే నడుపుకొస్తానన్నారు.

అలా ముగ్గురూ పెట్టె బిగించిన బండిలో బయల్దేరారు. విశ్వేశ్వరం గారు దారి పొడుగునా నిఘంటువులోంచి వినిపిస్తూ నడిపారు. వెనక సీట్లో అప్పలసూరి ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికి ఆయన భుజం తట్టి, "బాబూ, ఎడం పక్క నేల మెత్తగుంది," అన్నాడు.

"పరీక్ష నీకయ్యా, నాకు కాదు," అన్నారాయన, ఎడం పక్కకే తిప్పి.

బండి మైదాపిండిలాంటి దుమ్ములో ఇరుసుల దాకా దిగింది.

విశ్వేశ్వరం గారు కంగారుపడలేదు. గొంతు సవరించుకుని, "సెంటర్ డిఫరెన్షియల్ లాక్," అని ఆజ్ఞాపించారు.

"అంటే?" అంది పెట్టె.

"అంటే... మధ్య డిఫరెన్షియల్ లాక్ చెయ్యడం."

"అంటే?"

"పార్ట్ టైం ఫోర్ వీల్‌లోకి వెళ్లు."

"తప్పకుండా సార్. అంటే, ఏ చక్రాన్ని ఏం చెయ్యమంటారు?"

విశ్వేశ్వరం గారు నిఘంటువు తెరిచారు. లాక్ అన్నచోట 'పార్ట్ టైం చూడుము' అని ఉంది. పార్ట్ టైం అన్నచోట 'లాక్ చూడుము' అని ఉంది. ఆయన రెండుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పారు.

"దీన్ని కాసేపు ఆపడం కుదురుతుందా అమ్మా?" అన్నారు మెల్లగా.

"కుదరదు సార్. బ్రేకులు కూడా దానిలోనే ఉన్నాయి."

విశ్వేశ్వరం గారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "నేను కొత్తగా వచ్చినప్పుడు ఈ పేర్లకు అర్థమేమిటని ఒకాయన్ని అడుగుదామనుకున్నాను," అన్నారు. "అందరూ తలూపుతున్నారు. నాకొక్కడికే అర్థం కాలేదేమోనని సిగ్గేసింది. నేనూ ఊపాను. ముప్పై ఏళ్లయిపోయింది."

మేదినికి నవ్వు రాబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. నిజానికి ఆమె కూడా కాలేజీలో చాలాసార్లు తలూపింది.

"అప్పలసూరీ, ఇలా ముందుకు రావయ్యా," అన్నారు విశ్వేశ్వరం గారు.

అప్పలసూరి స్టీరింగ్ దగ్గర కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక్క క్షణం బండిని విన్నాడు.

"సూడు పెట్టే. ఎనక ఎడం చక్రం ఊరికే తిరిగేస్తంది. బలమంతా అదే తినేస్తంది. రెండు ఎనక చక్రాల్నీ కలిపి కట్టు. ముందు రెండూ అలాగే కట్టు. నాలుగూ ఒక్కలాగే తిరగాల. మెల్లగా, సానా మెల్లగా. రాయి తగిలాక మాత్రం ఇప్పేయి, లేపోతే మలుపులో ఇరుసు ఇరిగిపోద్ది."

"అర్థమైంది," అంది పెట్టె.

బండి ఒకసారి మూలిగి, అంగుళం అంగుళం పైకొచ్చి, రాతినేల ఎక్కింది.

విశ్వేశ్వరం గారు లైసెన్సు మీద అక్కడే సంతకం పెట్టారు. అప్పలసూరి దాన్ని రెండు చేతులతో అందుకుని, ఏడ్చేశాడు. శిరస్త్రాణంలో కళ్లు తుడుచుకోలేక ముక్కు ఎగబీల్చుకుంటూనే ఇంటిదాకా నడిపాడు. మేదినికి జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

నిఘంటువును రద్దు చేశారు. ప్రతి బండిలో అంటే పెట్టె పెట్టారు. కొత్త డ్రైవర్లకు పాఠం చెప్పే ఉద్యోగం అప్పలసూరికే ఇచ్చారు.

మొదటి క్లాసుకు మేదిని ముచ్చటపడి వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. పక్కనే విశ్వేశ్వరం గారు, కొత్త నోటుపుస్తకంతో. అప్పలసూరి ఇస్త్రీ యూనిఫాంలో వచ్చి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ఉడుంపట్టు. దాని కింద కోతిపట్టు. దాని కింద పిల్లిపట్టు, అర పిల్లిపట్టు, తిరగేసిన ఉడుంపట్టు. అలా పదిహేడు పట్లు.

"చక్రాలు కట్టే ఈ పట్ల పేర్లన్నీ నాను కనిపెట్టినియ్యే," అన్నాడు ఛాతీ విరుచుకుని. "దుమ్ములోన తిరగేసిన ఉడుంపట్టు ఎయ్యాల. తెలిసిందా?"

ముందు వరుసలో వరహాలమ్మ ఉంది. ఇరవై ఏళ్లు ఊరి వంటశాల నడిపి, చివరికి బండి నేర్చుకోవాలని వచ్చిన మనిషి. ఆమె అటూ ఇటూ చూసింది. శిరస్త్రాణాలు లేకపోయినా అలవాటు కొద్దీ అందరూ నడుము వంచి లేస్తున్నారు. ఆమె కూడా వంగి లేచింది. విశ్వేశ్వరం గారు అందరికంటే కిందికి వంగి, పదిహేడూ రాసుకున్నారు.

బల్ల మీది పెట్టె వినయంగా, "అంటే?" అంది.

అప్పలసూరి బోర్డు వైపు చూశాడు. తిరగేసిన ఉడుంపట్టు దగ్గర వేలు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టాడు. తర్వాత వెనక వరుసకేసి చూశాడు.

"మేదినమ్మా," అన్నాడు మెల్లగా, "దీన్ని కాసేపు ఆపడం అవుద్దా?"