ఆరో అడవిపిల్లి

మూడుంపావుకి గాజుపెట్టె ఖాళీ.

లోపల నల్లటి పట్టుగుడ్డ ఉంది. గుడ్డ మీద చిన్న నొక్కు ఉంది. టోపీ బ్యాడ్జి లేదు.

ఇష్‌బెల్ గెడ్డెస్ పెట్టిన కేకకి హాల్లో టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగాయి. డెబ్భై దాటిన మనిషి. కర్రని తలుపుకి అడ్డంగా పెట్టి నిలబడింది.

"పోలీసులొచ్చేదాకా ఒక్కడు కదిలినా కాళ్లిరగ్గొడతా!"

ఎవడూ కదల్లేదు.

డిటెక్టివ్ సార్జెంట్ సెంగా మాఫట్ హాలు ముందు కారు ఆపేలోపే ఇన్‌స్పెక్టర్ ఫోన్.

"పాత రేకుముక్క, సెంగా. ఫిర్యాదు రాసుకుని వచ్చెయ్. అక్కడ మేజర్ డన్‌మోర్ గారున్నారు. మర్యాదగా ఉండు."

"పోయింది మేజరు గారిదా సార్?"

"కాదు. ఎవరో ముసలావిడది."

"అయితే ఆవిడతో మర్యాదగా ఉంటా."

ఫోన్ కట్ చేసింది.

గ్లెన్‌ఫారిక్ గనికార్మికుల హాలు అది. స్కాట్లండ్ పదాతి దళాల టోపీ బ్యాడ్జిలు సేకరించేవాళ్లు ఏటా అక్కడ బల్లలు వేస్తారు. సెంగా వెంట వచ్చిన కానిస్టేబుళ్లు అందరి జేబులూ సంచులూ తడిమారు. చెత్తబుట్టలు బోర్లించారు. ఏమీ దొరకలేదు.

"అసలేంటమ్మా ఆ బ్యాడ్జి?" అడిగింది సెంగా.

"మా తాత యూయెన్‌ది, తల్లీ. వార్లోక్ హైలాండర్స్ దళంలో సిపాయి. సమ్మె చేసిన గనివాళ్లని ఇళ్లలోంచి ఈడ్చెయ్యమని పంపారు. లోపల బాలింతలు. తాత టోపీ మీంచి బ్యాడ్జి పీకి ఆఫీసరు బూట్ల ముందు కొట్టాడు. ఆ పీకుడికి వెనకాల రెండు కొక్కేల్లో ఒకటి విరిగింది. జైల్లో వేశారు."

"బ్యాడ్జి మీకెలా వచ్చింది?"

"గనివాళ్ల పిల్ల ఒకతి ఏరి దాచింది. తర్వాత ఆ పిల్లే మా నానమ్మయింది." ముసలామె నవ్వింది. వెంటనే నవ్వు పోయింది. "రేపు పొద్దున దాన్ని ఈ గోడకి ఎక్కించాలి. ఊరంతా వస్తోంది. ఎదురు తిరిగినవాడే లేడని ఆ దళంవాళ్లు తమ చరిత్రలో రాసుకున్నారు. ఆ విరిగిన కొక్కెం ఒక్కటే మాకు సాక్ష్యం."

"ఆ ఆఫీసరెవరు?"

ఇష్‌బెల్ గడ్డంతో చూపించింది. "ఆయన తాత."

మేజర్ లక్లన్ డన్‌మోర్ తన బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉన్నాడు.

సెంగా ముందు రాబ్ పిరీని పట్టుకుంది. బ్యాడ్జిల వ్యాపారి.

"నకిలీలు అమ్మి రెండుసార్లు దొరికావు కదూ?"

"మూడుసార్లమ్మా. మీవాళ్లకి లెక్కలు రావు."

"టీ టైములో ఎక్కడున్నావ్?"

"మటన్ కూరిన రొట్టె తింటున్నా. చొక్కా చూడండి. గ్రేవీయే సాక్షి."

"బల్లల దగ్గర ఎవరున్నారు?"

"మేజరు గారొక్కరే. మేం తినే రొట్టెలు ఆయన గొంతు దిగవు."

సెంగా మేజర్ బల్ల దగ్గరకి నడిచింది. తలుపంత బోర్డు. దానికి ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ. గుడ్డ నిండా వరుసలుగా బ్యాడ్జిలు.

"ఇంట్లో ఎక్కడ పెడతారు సార్?"

"కిటికీ ఎదురుగా. ముప్ఫై ఏళ్లుగా." గొంతులో గర్వం. "ఏ దళం ముందు పుడితే దానిది ముందు స్థానం. నా బోర్డులో వరుస తప్పదు."

"తప్పితే?"

"అది బోర్డు కాదు. బొత్తాల డబ్బా."

సెంగా చాలాసేపు చూసింది. టార్చి తీసి గుడ్డ మీద ఏటవాలుగా వేసింది. తర్వాత హాల్లో అందర్నీ దగ్గరకి పిలిచింది.

"ఈ గుడ్డ ఎండకి వెలిసిపోయింది. బ్యాడ్జిల కింద మాత్రం వెలవలేదు. ఏది తీసినా దాని ఆకారంలోనే ముదురు మచ్చ కనిపించాలి. అవునా మేజరు గారూ?"

మేజర్ బోర్డు అంచు పట్టుకున్నాడు.

"వార్లోక్ వాళ్ల గుర్తు పంజా ఎత్తిన అడవిపిల్లి. ఇక్కడ ఆరున్నాయి. ఐదు తమ మచ్చల మీదే కూర్చున్నాయి. ఆరోదాని చుట్టూ గుండ్రటి మచ్చ బయటికి కనిపిస్తోంది. పిల్లి గుండ్రంగా ఉండదుగా! ఆ మచ్చ పక్కనున్న కేమరన్ దళం బ్యాడ్జిది. కేమరన్ ఇప్పుడు అంతకంటే పెద్ద మచ్చ మీద ఉంది. అది ఆర్గైల్ దళం బ్యాడ్జిది. మరి ఆర్గైల్ కింద? ఏ మచ్చా లేదు. వెలిసిన గుడ్డ."

"ఓరి దేవుడా," అన్నాడు రాబ్.

"వరుస చివర చోటు ఖాళీగానే ఉండేది. ఈ ఆరో పిల్లిని అక్కడ తగిలించేసి ఉంటే, కొత్తగా కొన్నాననేవారు, నేను నమ్మేదాన్ని. పోలీసులకి ఈ వరుసలేం తెలుసు? కానీ మీ చెయ్యి ఒప్పుకోలేదు. దొంగసొత్తు అయినా సరే, పిల్లి పక్కనే పిల్లి ఉండాలి. దానికోసం రెండు బ్యాడ్జిల్ని పక్కకి జరిపారు."

బోర్డు తిప్పింది. వెనక పిన్ను లాగింది. ఆరో అడవిపిల్లి అరచేతిలో పడింది.

ఒకటే కొక్కెం.

మేజర్ లేచాడు. మొహం కందిపోయింది. "అది ప్రభుత్వం ఇచ్చిన బ్యాడ్జి! ఎదురు తిరిగిన సిపాయికి దాని మీద హక్కేంటి? గోడెక్కించి మా తాత మీద ఉమ్మించాలనా?"

"మీ తాతని ఎక్కిస్తామని ఎవరన్నారయ్యా?" అంది ఇష్‌బెల్. "ఎక్కేది మా తాత."

మళ్లీ ఫోన్. ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడే ఎవరో చెప్పేశారు.

"మేజరు గారిని ఇంటికి పంపించు. బ్యాడ్జిని సీలు చేసి స్టేషన్‌కి తెచ్చెయ్. కేసు తేలేదాకా లాకర్లో ఉండాల్సిందే."

"ఎన్నాళ్లు సార్?"

"ఏడాదో, రెండేళ్లో. తొందరేముంది?"

సెంగా ఇష్‌బెల్ వంక చూసింది. ఆమె అంతా విన్నది. కళ్లు దించలేదు.

సెంగా బ్యాడ్జికి ముందూ వెనకా ఫొటోలు తీసింది. కానిస్టేబుళ్లతో మేజర్ని కారెక్కించింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"రాబ్! సుత్తి ఉందా?"

"మేకులు కూడా ఉన్నాయమ్మా. ఇవి మాత్రం అసలువే."

రేపటిదాకా ఎవరూ ఆగలేదు. రాబ్ కుర్చీ పట్టుకున్నాడు. ఇష్‌బెల్ ఎక్కి తన చేత్తోనే మేకు కొట్టింది. బ్యాడ్జితో సహా గాజుపెట్టె గోడకెక్కింది.

సెంగా ఫోన్ తీసింది.

"సార్, ఎవిడెన్స్ భద్రంగా ఉంది. గనికార్మికుల హాలు, తూర్పు గోడ. ఊరంతా కాపలా ఉంది. కావాలంటే మీరే వచ్చి పీక్కోండి."